పదివేల మోటార్లు

2022 ఫిబ్రవరిలో ఐపీఎల్ వేలం నడుస్తున్న రోజు. ఛత్రినాకలో మా మోటారు వైండింగ్ షాపులో కూర్చుని, కాలిపోయిన బోరు మోటారు నుంచి పాత రాగితీగ లాగుతున్నాను. మూలన స్లాట్లలో కాయితం దూరుస్తున్న మా కుర్రాడు ఉన్నట్టుండి లేచొచ్చి ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"ఉస్తాద్! మన చంద్రాయణగుట్ట పోరడు. ముంబై తీస్కుంది. కోటీ డెబ్బై లక్షలు!"

కళ్ళజోడు సర్దుకుని చూశాను. తిలక్ వర్మ. పంతొమ్మిదేళ్ళు. ఇరవై లక్షల దగ్గర మొదలైన పాట కోటీ డెబ్బై దగ్గర ఆగింది. తండ్రి ఎలక్ట్రీషియన్ అని కింద రాసి ఉంది. అయితే మా కులమే అనుకున్నాను. టెస్టరు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళందరిదీ నా లెక్కలో ఒకటే కులం.

సంతోషించాల్సిన మాటే. కానీ నా నోటినుంచి వచ్చింది వేరు.

"గన్ని పైసలా? మీసం గూడ సక్కగ రాని పోరనికి? దిమాఖ్ ఖరాబైతది."

కుర్రాడు ఫోను తీసుకుని మూలకు వెళ్ళిపోయాడు. నేను బిల్లు పుస్తకం వెనక లెక్క వేశాను. ఒక మోటారు కడితే రాగి, వార్నిష్, కరెంటు, కూలి పోను నాకు పదిహేడు వందలు మిగులుతుందనుకుందాం. అదీ ఎండాకాలం మంచి గిరాకీ ఉన్న రోజుల మాట. కోటీ డెబ్బై లక్షలంటే పదివేల మోటార్లు. ముప్పై ఏళ్ళలో నా చేతిమీద తిరిగినవన్నీ కలిపినా అన్ని ఉంటాయో ఉండవో. ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. అన్యాయాన్ని పట్టుకున్నవాడిలా గీశాను.

ఆ కోపం నాకు మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు పట్టుకొచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం దాకా వెళ్ళింది ఆయన శిక్షణలోనే. ఆసియా బంగారం రెండోసారి గెలిచిన మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు. ఇదంతా చెప్పి, చివర్న మా నాన్న ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "వాళ్ళు పైసల కోసం ఆడలేదు బిడ్డా." పోలీసు కొలువు, నెల జీతం, ఆటకు సెలవు. అంతే.

ఆ మాట నాకు వేదం. షాపులో కుర్రాళ్ళు క్రికెటర్ల డబ్బు గురించి మాట్లాడినప్పుడల్లా దాన్ని తీసి వాళ్ళ ముందు పెట్టేవాణ్ణి. 2017లో ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్‌ను మన ఊరి జట్టే 2.6 కోట్లకు కొన్నప్పుడూ పెట్టాను. ఆ మాటతో నాకేం లాభం ఉందో అప్పటికి నేను చూసుకోలేదు.

తిలక్ వేలం జరిగిన 2022లోనే, ఏప్రిల్‌లో, ఎండలు ముదిరి, బస్తీల్లో బోర్లు రాత్రీ పగలూ నడిచి మోటార్లు వరసగా కాలిపోతున్న రోజుల్లో, మా కుర్రాడు చాయ్ గ్లాసు పక్కన పెట్టి నా ముందు నిలబడ్డాడు.

"ఉస్తాద్, నా జీతం సూడున్రి."

వాడికి ఇరవై ఒకటి. ఐదేళ్ళ నుంచి నా దగ్గరున్నాడు. నెలకు పన్నెండు వేలు. మా పెద్దమేస్త్రి ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నాడు, ఆయనకు పద్దెనిమిది. కుర్రాడు ఇరవై వేలు అడిగాడు.

వాడి పని గురించి చెప్పాలి. మోటారు ఆన్ చేసి, స్క్రూడ్రైవర్ కొన బాడీకి ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. డాక్టరు గుండె విన్నట్టు వినేవాడు. "బేరింగ్" అనేవాడు, లేకపోతే "రోటర్ తగుల్తుంది" అనేవాడు. విప్పి చూస్తే అదే. మిగతావాళ్ళు రోజుకు రెండు కట్టేచోట మూడు కట్టేవాడు. చుట్లు లెక్క తప్పేవాడు కాదు. వాడు కట్టిన మోటారు మళ్ళీ రిక్షా ఎక్కి మా గడపకు రావడం నేను చూడలేదు. షాపులో రిపేరు తిరిగి రాకపోవడమే అసలు లాభం. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అన్నాను:

"నీ ఉమర్‌కు గిదే ఎక్కువ. ఓపిక పట్టు. పెద్దాయనకు గింత కావడానికి ఇరవై ఏండ్లు పట్టింది."

వాడు వాదించలేదు. మే నెల రెండో వారంలో, షాపు ముందు ముప్పై మోటార్లు వరసగా పడి ఉండగా, రావడం మానేశాడు. బాలానగర్ వైపు ఒక వర్క్‌షాపులో ఇరవై రెండు వేలు, పైగా మోటారుకింత అని తర్వాత తెలిసింది.

ఆ ఎండాకాలం నాకు బడి అయింది. నా కళ్ళకు సన్నతీగ ఆనదు. పెద్దమేస్త్రికి నడుం నొప్పి. ఒక అపార్ట్‌మెంటు వాళ్ళ మోటారు రెండుసార్లు కట్టి రెండుసార్లు కాల్చాం. వాళ్ళు మూడోసారి రాలేదు, వాళ్ళతోపాటు పక్క రెండు బిల్డింగులూ పోయాయి. జూన్‌లో లెక్క చూసుకుంటే, నెలకు ఎనిమిది వేలు మిగుల్చుకుందామని చూసి ఒక్క సీజన్‌లో లక్షకు పైన పోగొట్టుకున్నాను.

డబ్బు పోయినందుకు నేర్చుకున్నానంటే అది వ్యాపారి పాఠం అవుతుంది, దానికి ఇంత రాయనక్కర్లేదు. నన్ను కుదిపింది ఇంకొకటి. ఒక రాత్రి షట్టర్ దించుతూ గల్లా పెట్టె వైపు చూశాను. ఆ ఎనిమిది వేలు వాడికివ్వకుండా ఐదేళ్ళలో ఎప్పుడైనా పెద్దమేస్త్రికి ఇచ్చానా? లేదు. గిరాకీదార్లకు రేటు తగ్గించానా? లేదు. అది ఇక్కడే, ఈ పెట్టెలోనే ఉంది. వయసు, ఓపిక, వరస అని నేను చెప్పిన నీతి అంతా ఈ పెట్టెకు వేసిన తాళం.

"వాళ్ళు పైసల కోసం ఆడలేదు" అన్న మాట ఆ రాత్రి నాకు వేరేగా వినపడింది. నిజమే, ఆడలేదు. అడగడానికి వాళ్ళ ముందు ఎవరున్నారు? అప్పట్లో మైదానంలో డబ్బే లేదు. ఒకరి లేమిని తీసుకొచ్చి ఇంకొకరి ముందు ఆదర్శంగా నిలబెట్టడం నాకు ఎంత తేలికైంది! రహీం సాబ్ పేరు మీద నేను ఒక కుర్రాడి జీతం ఎగ్గొట్టాను.

అప్పటినుంచి తిలక్ ఆటను వేరే కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. ఆ పిల్లాడి కథ మా ఏరియాలో అందరికీ తెలుసు. నిజాం సైన్యంలో కొలువు చేసిన అరబ్బుల బ్యారక్స్ ఉన్న చోటే బార్కస్. జాంపళ్ళకు, హరీస్‌కు పేరు. అక్కడి మైదానంలో పదకొండేళ్ళ పిల్లాడు టెన్నిస్ బంతితో ఆడుతుంటే సలాం బయాష్ అనే కోచ్ కంటపడ్డాడు. అకాడమీ లింగంపల్లిలో. బార్కస్ నుంచి దాదాపు నలభై కిలోమీటర్లు, ఊరికి ఈ కొస నుంచి ఆ కొస. పంపే స్తోమత ఇంట్లో లేదు. కోచే బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి, తీసుకొచ్చేవాడు. తర్వాత ఆ కుటుంబమే అటువైపు మారింది. వేలంలో కోటీ డెబ్బై పలికిన రోజున ఆ కుర్రాడు అమ్మానాన్నలకు ఇల్లు కొనాలని చెప్పాడు. దిమాఖ్ ఖరాబైతదని నేను అన్నది ఆ రోజే.

మొదటి సీజన్‌లోనే 14 మ్యాచుల్లో 397 పరుగులు. అదే వేలంలో అదే ముంబై జట్టు ఇషాన్ కిషన్‌ను 15.25 కోట్లకు తీసుకుంది. అతను కొట్టినవి 418. తేడా ఇరవై ఒక్క పరుగులు, ధరలో తేడా తొమ్మిది రెట్లు. కిషన్‌ది తప్పని కాదు. వేలంపాటలో ఎవరి టైం వాళ్ళది. కానీ నా షాపులో పన్నెండు వేలకు మూడు మోటార్లు కట్టినవాడు నాకు వెంటనే గుర్తొచ్చాడు. తిలక్ 2023లో 343, 2024లో 416 కొట్టాడు. మూడేళ్ళకు 1,156 పరుగులు. జట్టు ఇచ్చింది మొత్తం 5.1 కోట్లు.

2024 అక్టోబర్ 31న జట్లన్నీ ఎవరెవరిని అట్టిపెట్టుకుంటున్నాయో జాబితా ఇచ్చాయి. ముంబై జాబితాలో ఐదుగురు. బుమ్రాకు 18 కోట్లు, సూర్యకుమార్‌కు, హార్దిక్‌కు 16.35 చొప్పున, రోహిత్‌కు 16.30. చివర్న తిలక్, 8 కోట్లు. ఇరవై రెండు నిండటానికి ఇంకో వారం ఉంది. ఇంజన్‌బౌలి దగ్గర ఇరానీ హోటల్లో ఆ రాత్రి ఒకాయన ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ నా పాత మాటే అన్నాడు: "గింత పోరనికి గన్ని కోట్లెందుకు?" నేను నోరు మూసుకుని విన్నాను. అద్దంలో చూసుకున్నట్టుంది.

డాలస్‌లో ఉన్న మా అక్క కొడుక్కి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. ఆదివారాలు ఫోన్ చేస్తాడు. ఈ సంగతి చెబితే నవ్వాడు. "మామా, ఇక్కడ ఈ పంచాయితీ ప్రతి ఏడూ ఉంటది" అన్నాడు. అక్కడి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, కొత్తవాళ్ళను ఎంచుకునేటప్పుడు మొదటి రౌండులో ఎంపికైన కుర్రాడికి మొదటి నాలుగేళ్ళ జీతం ముందే పట్టికలో రాసి ఉంటుందట. ఎంత బాగా ఆడినా ఆ పట్టిక దాటడానికి లేదు. మూడు సీజన్లు అయ్యాక జట్టు ఇష్టపడితే ఇంకో ఐదేళ్ళ దాకా పొడిగించవచ్చు. అప్పుడు మాత్రం జట్టు జీతాల పరిమితిలో నాలుగో వంతు దాకా, కొందరికి ముప్పై శాతం దాకా ఒక్కడికే ఇవ్వచ్చు. జనం కళ్ళు తిరిగేది అక్కడే.

"మరి ఇచ్చినంక ఆడకపోతే?" అన్నాను.

డెరిక్ రోజ్ సంగతి చెప్పాడు. 2011లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు, ఇరవై రెండేళ్ళకే. ఆ డిసెంబర్లో షికాగో జట్టు ఐదేళ్ళకు 9 కోట్ల డాలర్లకు పైగా రాసిచ్చింది. 2012 ఏప్రిల్‌లో మోకాలు తెగింది. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆడాడు గానీ ఆ మొదటి ఆట మళ్ళీ రాలేదు.

"చూశావా, పైసలు దండుగ" అని పాత నేనైతే అనేవాణ్ణి. ఇప్పుడు వేరే సంగతి కనపడింది. ఆ మోకాలు ఆరు నెలల ముందు తెగి ఉంటే? ఆ కాగితం మీద సంతకం పడకముందే తెగి ఉంటే, పట్టికలో రాసిన జీతంతో ఇంటికి పోయేవాడు. కుర్రాడు తన ఒళ్ళు ముందే ఖర్చు పెట్టేస్తాడు. జట్టు ఇచ్చేది తర్వాత వస్తుంది, రావచ్చు, రాకపోవచ్చు. మన తిలక్ సంగతీ అంతే. మొదటి ఐపీఎల్ తర్వాత రాబ్డోమయోలిసిస్ అనే కండరాలు కరిగిపోయే జబ్బు వచ్చిందని, విశ్రాంతి రోజుల్లో కూడా జిమ్ మానకపోవడం వల్ల ఒళ్ళు అలా తిరగబడిందని 2025లో అతనే చెప్పాడు. ఆడుతుండగా వేళ్ళు బిగుసుకుపోతే గ్లోవ్స్ కోసి తీశారట. నేను బిల్లు పుస్తకం వెనక పదివేల మోటార్లు లెక్క వేసిన ఏడాదే అది. నా లెక్కలో ఆ వేళ్ళు లేవు.

ఇంకో లెక్క కూడా మేనల్లుడే నేర్పాడు. ఐపీఎల్ ఐదేళ్ళ ప్రసార హక్కులు, 2023 నుంచి 2027 దాకా, 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. ఏడాదికి దాదాపు 9,700 కోట్లు. 2025 సీజన్‌కు పది జట్లు ఆటగాళ్ళ మీద పెట్టగలిగింది ఒక్కో జట్టుకు 120 కోట్లు, మొత్తం 1,200 కోట్లు. మ్యాచ్ ఫీజులు కలిపినా, ఒక్క టీవీ, ఫోన్ల మీద వచ్చే రూపాయిలో ఆటగాళ్ళందరికీ కలిపి పదమూడు పద్నాలుగు పైసలు. అదే ఎన్‌బీఏలో లీగ్ ఆదాయంలో సగం అటూ ఇటూగా ఆటగాళ్ళదేనని ఒప్పందం. తిలక్‌కు 8 కోట్లు ఎక్కువని మనం అనుకుంటే, అవి రైతుకో బడికో పోవు. జట్టు గల్లా పెట్టెలో ఉంటాయి. నాకు ఆ పెట్టె బాగా తెలుసు.

ఇంతా చెప్పి, కుర్రాళ్ళకు ఎంతిచ్చినా తక్కువే అనడం లేదు. రంజీలో తుది జట్టులో ఆడే కొత్త కుర్రాడికి రోజుకు నలభై వేలు. ఆ మ్యాచులే ఏడాదికి కొన్ని. అదే కుర్రాడి పేరు వేలంలో పలికితే కోట్లు, పలక్కపోతే ఏమీ లేదు. మధ్యలో మెట్లు లేవు, నేరుగా మేడ. పంతొమ్మిదేళ్ళవాడికి ఇది మంచిదని నేననను. కానీ మెట్లు కట్టనివాళ్ళని వదిలేసి, మేడ ఎక్కినవాణ్ణి తిట్టడం మాత్రం మానేశాను.

డబ్బు పూచీకత్తు కాదని కూడా చూశాను. 2025 ఏప్రిల్ 4న లక్నోలో తిలక్ 23 బంతుల్లో 25 పరుగుల దగ్గర తడబడుతుంటే, జట్టు అతణ్ణి మధ్యలోనే వెనక్కి పిలిచి ఇంకొకర్ని పంపింది. ఔట్ కాకుండానే ఔట్. అయినా మ్యాచ్ పోయింది. ఇరానీ హోటల్లో ఆ రాత్రి ఒకటే నవ్వులు: ఎనిమిది కోట్లు, ఇరవై అయిదు పరుగులు. నాకు నవ్వు రాలేదు. వోల్టేజ్ పడిపోయిన రాత్రి మంచి మోటారు కూడా మూలుగుతుంది. దాన్ని విప్పి తీగ తెంచేవాడు మేస్త్రి కాడు. సెప్టెంబర్ 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, పాకిస్తాన్ మీద 147 కొట్టాలి, 20కే మూడు వికెట్లు పోయాయి. అదే తిలక్ 69 పరుగులతో చివరిదాకా నిలబడ్డాడు. ఆ రాత్రి చంద్రాయణగుట్ట చౌరస్తాలో కాల్చిన టపాకాయల పొగ ఫలక్‌నుమా దాకా ఉంది. హోటల్లో ధర గురించి ఎవరూ మాట్లాడలేదు.

షాపులో ఇప్పుడు ఇంకో పంతొమ్మిదేళ్ళవాడు ఉన్నాడు. మొన్న దసరాకు, పనిముట్లకు పూజ చేసిన రోజునే జీతాలు మార్చాను. కొంత నెలకు, కొంత మోటారుకు. పెద్దమేస్త్రి మొహం మాడింది. "అంటే నా ఇరవై ఏండ్లకు ఇలువ లేదా సేఠ్?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. కుర్రాడికి న్యాయం చేసే తొందరలో పెద్దవాడికి అన్యాయం చేస్తున్నానా? రెండు రోజులు నిద్ర పట్టలేదు. బార్కస్ నుంచి లింగంపల్లి దాకా తిరిగిన ఆ కోచ్ బండి గుర్తొచ్చింది. కోట్ల పాటలో దాని పెట్రోలుకు ఏ జట్టూ వరుస రాయదు. నా చిట్టాలో నేను రాయగలను కదా. కొత్తవాడు కట్టిన ప్రతి మోటారు మీద, అది ఆరు నెలలు తిరిగి రాకుండా ఉంటే, నేర్పినందుకు పెద్దమేస్త్రికి ఇంత అని రాశాను. ఇప్పుడు ఆయన వాడి పక్కనే కూర్చుని చుట్లు లెక్కపెడుతున్నాడు.

మొన్న ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాల నాడు మా పాత కుర్రాడు వచ్చాడు. పెళ్ళయింది, చంకలో పిల్ల. నేను అప్పుడే ఒక అయిదు హెచ్‌పీ మోటారు ముందేసుకుని, వైండింగ్ పోయిందని విప్పబోతున్నాను. వాడు పిల్లను పెద్దమేస్త్రి చేతికిచ్చి, స్క్రూడ్రైవర్ అందుకుని, పిడి చెవికి పెట్టుకున్నాడు.

"బేరింగ్ పోయింది ఉస్తాద్. వైండింగ్ మంచిగనే ఉంది."

విప్పి చూస్తే అదే. రాగి, రెండు రోజుల పని మిగిలాయి. జేబులో చెయ్యి పెట్టి, ఎంతని అడిగాను. నవ్వి, "మూడు వందలు" అన్నాడు. వాడు తమాషాకే అన్నాడేమో తెలియదు.

నేను బేరమాడలేదు.